ఇప్పుడు రెండో కన్ను

జూన్ 3

ఇవాళ ఒక అద్దం పాడైంది. ఎడమ అంచు పెచ్చు లేచింది. మా ఆయన, ఇరవై రెండేళ్లుగా కళ్లద్దాలు అరగదీస్తున్న మనిషి, చూడకుండా వేలు ఆనించి అంచు ఎక్కడ ఎక్కువైందో చెప్పగల మనిషి, ఆ ముక్కను వెలుతురుకు పట్టి "ఈ కంపెనీ సరుకే అంత" అన్నారు. నేనూ అంతేనన్నాను. సరుకు సంగతి ఎలా ఉన్నా ఆ కంపెనీ వాళ్లు ఏటా డైరీ మాత్రం మంచిదిస్తారు. ఇన్నేళ్లలో ఒక్క పేజీ రాయలేదు. ఈసారి సగం ఏడాది గడిచాక రాయబుద్ధి పుట్టింది.

మధ్యాహ్నం వదిన వచ్చింది. ఆయన అక్కగారు. తమ్ముడికి గుండె ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలైనా ఆవిడ ఇంకా అదే పాట. "కోడిగుడ్డంత గడ్డ, గుండె లోపల! కోసి అవతల పారేశారు. ఇంక వీడికి నూరేళ్లు." గడ్డ కోడిగుడ్డంత లేదు, నిమ్మకాయంత ఉంది. ఆవిడ చెప్పిన ప్రతిసారీ కాస్త పెరుగుతుంది. దాని పేరు మిక్సోమా అని, చెడ్డ రకం కాదని, తీసేస్తే తీరిపోయినట్టేనని గుండె డాక్టరు చెప్పాడు. వరండాలో నిలబడి, వాచీ చూసుకుంటూ చెప్పాడు. "మీరు అదృష్టవంతులమ్మా" అని కూడా అన్నాడు. ఇరవై మూడు రోజులు ఆ వరండాలో బెంచీ మీద పడుకున్నదాన్ని నేను. నా నడుము ఇప్పటికీ ఆ అదృష్టాన్ని రోజూ పొద్దున్నే గుర్తుచేస్తుంది.

వదినను సాగనంపడానికి ఆయన లేచారు. ఎడమ భుజం ద్వారబంధానికి ఠక్కున కొట్టుకుంది. ఆ ద్వారం నిన్న మొన్న పెట్టింది కాదు.

జూన్ 5

భుజం కమిలింది. ఎడమదే.

జూన్ 9

కొట్టు తెరవగానే ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఇన్నేళ్లలో ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదటిసారి. నా జాగా ముందు వైపు: కుర్చీ, అక్షరాల బోర్డు, అద్దాల పెట్టె. ఆయన జాగా చెక్క అడ్డు వెనక: సాన చక్రం, నీళ్ల తొట్టి, ఎంత తుడిచినా పోని గాజు పిండి. నేను ఎవరికి ఏం చూస్తున్నానో ఆయనకు వినబడుతుంది. ఆయన ఏ అద్దం ఎంత అరగదీశారో నాకు వినబడుతుంది. మా సంసారం చాలా మటుకు ఆ చెక్క అడ్డు మీదుగానే నడిచింది.

"డాక్టరమ్మా, ఏదైనా ఉంటే మెల్లగా చెప్పండి, గుండె జబ్బు మనిషిని" అన్నారు. నేను డాక్టర్ని కానని ఆయనకు తెలుసు. రెండేళ్లు నేర్చుకుని, నంబరు చూసి రాసిచ్చేదాన్ని. ఆ పిలుపు పెళ్లైన కొత్తలో వెక్కిరింపు, తర్వాత ముద్దు, ఇప్పుడు అలవాటు.

చేత్తో కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో నా ముక్కు వైపే చూడమన్నాను. నా వేలు పక్క నుంచి లోపలికి తెచ్చాను. కుడి పక్క నుంచి తెస్తే వెంటనే చెప్పారు. ఎడమ పక్క నుంచి తెస్తే, వేలు దాదాపు నా ముక్కు దాకా వచ్చినా చెప్పలేదు. మూడుసార్లు చూశాను. అటు వైపు వేళ్లు చూపించి "ఎన్ని?" అంటే "ఏవీ?" అన్నారు.

ఇంతలో ఎవరో వచ్చారు. చాల్లెండి, లేవండి అన్నాను.

ఎడమ కంట్లో ఏదో తేడా ఉంది. శుక్లం మొదలైందేమో. యాభై నాలుగేళ్లకు అదేం వింత కాదు. ఎడమ కన్ను. కన్నే.

జూన్ 10

పావు నంబరు రాశాను. అద్దం ఆయనే అరగదీసుకున్నారు. తన కళ్లజోడు తనే చేసుకోవడం ఎలా ఉందంటే, "మంగలి తన తల తనే గొరుక్కున్నట్టుంది" అన్నారు. నవ్వాను. ఎడమ అంచు ఈసారి వేలితో తడుముకుంటూ చేశారు. చక్రం చప్పుడులోనే తెలుస్తుంది, ఆగి ఆగి వచ్చింది.

జూన్ 13

బాగా కనిపిస్తోందన్నారు. నేను చెప్పలేదూ!

జూన్ 18

పొద్దున పేపరు చదువుతూ "ఈ మధ్య రాసేవాళ్లకు వాక్యం మొదలుపెట్టడం కూడా చేతకావడం లేదు. ప్రతిదీ మధ్యలోంచి ఎత్తుకుంటున్నారు" అని విసుక్కున్నారు. నేను లేచి టీ పెట్టడానికి వెళ్లాను. టీ అప్పుడే తాగి ఉన్నాం.

జూన్ 21

తలనొప్పి అంటున్నారు. కొత్త అద్దాలకు కళ్లు అలవాటు పడాలంటే వారం రోజులు తలనొప్పి ఉంటుంది. ఎంతమందికి చెప్పానో ఈ మాట. ఎవరూ చచ్చిపోలేదు.

జూన్ 28

వారమైంది. కొందరికి పది రోజులు పడుతుంది.

జూలై 2

వదిన భోజనానికి ఉంది. ఆయన కంచంలో ఎడమ సగం అలాగే ఉండిపోయింది. గీత గీసినట్టు, కుడి సగం తుడిచిపెట్టినట్టు తిని చెయ్యి కడుక్కోబోయారు. "ఏరా, సగం వదిలేశావు? వంట బాగాలేదా?" అంది ఆవిడ, నా వైపు చూస్తూ. ఆయన "తిన్నాను కదక్కా, ఖాళీ కంచం కనబడటం లేదా?" అన్నారు.

నేను కంచం పట్టుకుని తిప్పాను. ఎడమది కుడికి వచ్చింది. "అరే, ఇంకా ఉందే" అని తినేశారు. వదిన పకపకా నవ్వి "చంటిపిల్లాడికి పెట్టినట్టు పెడుతోందిరా నీ పెళ్లాం. కంటికి రెప్పలా చూసుకుంటోంది" అంది. పిల్లల్లేని ఇంట్లో ఆవిడ వేసే ఇలాంటి చురకలు మామూలుగా నాకు నాలుగు రోజులు గుచ్చుకుంటాయి. ఇవాళ ఏమీ అనిపించలేదు. తిప్పిన కంచమే కళ్ల ముందు ఆడుతోంది.

ఆవిడ వెళ్లాక ఆయన నన్ను ఒక మాట అడుగుతారని అనుకున్నాను. అడగలేదు. ఎంత మంచి మనిషి!

జూలై 8

ఇవాళ బస్సు డ్రైవరు ఒకాయన వచ్చాడు. అద్దాలు మార్చాలన్నాడు. పక్కన వచ్చే బండ్లు ఆనడం లేదట. కుర్చీలో కూర్చోబెట్టి ఒక కన్ను చూశాను. కుడి పక్క లేదు. "ఇప్పుడు రెండో కన్ను మూసుకోండి" అన్నాను. ఆ కంటికీ కుడి పక్క లేదు.

"ఇది నంబరు కాదండీ. అద్దాలు ఇవ్వను" అన్నాను.

"ఏదో ఒకటి ఇవ్వండమ్మా, రేపు డ్యూటీ ఉంది."

"డ్యూటీయా? బుద్ధుందా మీకు? ఒక్క కంట్లోనే లోపమైతే అది కంటి జబ్బు. రెండు కళ్లలోనూ ఒకే పక్క పోయిందంటే కళ్లు బాగానే ఉన్నట్టు, జబ్బు తలలో ఉన్నట్టు. ఇక్కణ్ణించి తిన్నగా పెద్దాస్పత్రికి వెళ్లండి. ఇంటికి కూడా వెళ్లొద్దు."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. పాపం, ఆ మనిషి చెప్పుల్లో కాళ్లు పెట్టుకోవడం కూడా మరచి మెట్లు దిగి, మళ్లీ వెనక్కి వచ్చాడు. చీటీ రాసిచ్చాను. చక్కగా రాశాను, ఏ కన్ను, ఏ పక్క, ఎంత మేర.

చీటీ రాస్తున్నంత సేపూ వెనక చక్రం ఆగి ఉంది. తర్వాత మళ్లీ మొదలైంది.

జూలై 9

ఆయనది ఒక కన్నే. డ్రైవరుది వేరు. రెండూ ఒకటి కావు.

బీరువాలో గుండె ఆస్పత్రి ఫైలుంది. ఆకుపచ్చ అట్ట. చివరి కాగితం మీద, మందుల జాబితా కింద, రెండు లైన్లున్నాయి. తీయలేదు. తీయక్కర్లేదు, నాకు వచ్చు. "చూపులో, మాటలో, నడకలో ఏ చిన్న తేడా వచ్చినా ఆలస్యం చేయకుండా మెదడు స్కానింగ్ చేయించాలి." ఇంటికి వచ్చిన రోజే చదివాను. చదివి, ఇలాంటివి అందరికీ రాస్తార్లే అనుకున్నాను. నేను మాత్రం అందరికీ రాయనా, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండని?

ఆయన కూడా ఇంటికి వచ్చిన రోజే చెప్పారు. గుండె మీద కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, "చూడు, ఇంకోసారి మాత్రం నన్ను ఆ బల్ల ఎక్కించకు. ఏది రానీ" అన్నారు. మనిషి మాట మనిషి మాటే కదా. నేను కాదంటానా?

జూలై 15

ఇంకో పావు నంబరు పెంచాను. కొత్త జత. "మళ్లీనా?" అన్నారు. మళ్లీ తనే, "సరే. నువ్వు చెప్తే సరే" అన్నారు. సాయంత్రానికల్లా అరగదీసి ఫ్రేములో బిగించి పెట్టేసుకున్నారు. అద్దంలో చూసుకుని "ఈ ఫ్రేము నాకు బాగుంది కదే?" అన్నారు.

బాగుంది. నిజంగానే బాగుంది.

జూలై 20

చక్రం తిరుగుతూనే ఉంది. ఎంతకీ ఆగడం లేదేమిటని వెళ్లి చూశాను.

జూలై 23

మూడు రోజులైంది. మళ్లీ వరండా, మళ్లీ బెంచీ. ఆస్పత్రి వేరు, బెంచీ అదే చేత్తో చేసినట్టుంది.

ఆ రోజు ఆయన నీళ్ల తొట్టికి ఆనుకుని కూలబడి ఉన్నారు. రెండు చేతులతో తల పట్టుకుని "పగిలింది, పగిలింది" అంటున్నారు. మళ్లీ అద్దం పగిలిందనుకున్నాను. నేను ముందు చూసింది చక్రం వైపు. తర్వాత వాంతి చేసుకున్నారు. తర్వాత మాట ముద్దయిపోయింది.

తల డాక్టరు చిన్నపిల్ల. ముప్పై ఉంటాయేమో. కళ్లజోడు కుడి పక్కకు వాలి ఉంది, కాడ వంచి సరిచేయాలి. నేను అదే చూస్తూ ఉన్నాను, ఆవిడ కాగితం మీద బొమ్మ వేసి చెబుతూ ఉంది.

"గుండెలో గడ్డ ఉన్నప్పుడే దాని నలుసులు కొన్ని రక్తంలో కొట్టుకుపోయి తలలోకి వెళ్లాయమ్మా. గడ్డ తీసేశారు. నలుసులు మాత్రం ఉండిపోయాయి. అవి రక్తనాళం గోడలో ఇరుక్కుని, అక్కడే పెరుగుతూ, గోడను పలచన చేస్తాయి. పలచబడిన చోట నాళం బుడగలా ఉబ్బుతుంది. అన్యూరిజం అంటాం. ఈయనకు ఐదున్నాయి. ఒకటి పగిలింది."

"గడ్డ తీసి పద్నాలుగు నెలలు, కాదు, పదిహేను నెలలైందండీ" అన్నాను, అదేదో ఆవిడ తప్పైనట్టు.

"ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. చాలా అరుదు. అందుకే ఎవరికీ తట్టదు. కానీ మీ గుండె డాక్టరుగారు రాసే ఇచ్చారు, చూడండి." ఆకుపచ్చ ఫైలు తెరిచి ఆ రెండు లైన్ల కింద పెన్సిలు పెట్టింది. వాచీ చూసుకుంటూ మాట్లాడిన ఆ మనిషి. ఇన్నాళ్లూ ఆ డాక్టర్ని తిట్టుకోవడానికి నాకు ఆ వాచీ ఒక్కటే దొరికింది. ఇప్పుడు అదీ లేదు.

"చూపులో తేడా ఎప్పటి నుంచి?"

"నాలుగైదు రోజుల నుంచి" అన్నాను.

వదిన నా పక్కనే ఉంది. "మా మరదలు కళ్లు చూసేదేనమ్మా. ఇదే కనిపెట్టి ఉంటుంది, వాడు ఎక్కడ చెబుతాడు!" అంది ఏడుస్తూ.

ఆ పిల్ల నా వైపు చూసింది. "స్కానింగ్‌లో పాత రక్తం మరక కూడా ఉంది. ఇదే బుడగ నెలన్నర కింద ఒకసారి కొంచెం కారి ఆగింది. చూపు అప్పుడే తగ్గి ఉండాలి. అప్పుడే వచ్చుంటే పగలకముందే మూసేసేవాళ్లం. నాలుగైదు రోజులేనా, గుర్తు తెచ్చుకోండి."

"అంతేనండీ. నాకు తెలిసి అంతే."

కాడ సరిచేస్తాను ఇవ్వండమ్మా అందామనుకున్నాను.

జూలై 24

పొద్దున ఏడింటికి లోపలికి తీసుకెళ్లారు. సంతకం నేనే పెట్టాను. బల్ల ఎక్కనన్న మనిషిని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పే స్థితిలో లేరు. సాయంత్రం నాలుగింటికి బయటికి వచ్చి, పగిలినదానికి క్లిప్పు వేశామన్నారు. మిగిలిన నాలుగూ చిన్నవి, లోతుగా ఉన్నాయి. ముట్టుకోవడం కన్నా కాపలా కాయడం మేలన్నారు.

జూలై 27

కళ్లు తెరిచారు. "కొట్టుకు తాళం వేశావా?" అన్నారు. చక్రం స్విచ్ కట్టేశానో లేదో గుర్తు లేదు. తాళం వేశానని, చక్రం కూడా కట్టేశానని చెప్పాను.

జూలై 29

జూన్ 9న ఎవరూ రాలేదు.

ఈ డైరీలో "ఇంతలో ఎవరో వచ్చారు" అని రాసి ఉంది. రాలేదు. వీధి ఖాళీ. కొట్టు తెరిచి పది నిమిషాలే అయింది. ఒక కన్ను చూశాను. రెండోది చూడాలి. ఎవరికైనా అదే వరస, బడిపిల్ల కూడా చెప్పేస్తుంది. నా చెయ్యి ఆయన ఎడమ కన్ను మూయించడానికి లేచింది కూడా. లేచిన చేత్తో కుర్చీ వెనక దుమ్ము దులిపాను.

రెండో కంటికి ఎడమ పక్క కనిపించకపోతే జబ్బు తలలో ఉన్నట్టు. కనిపిస్తే కంట్లోనే ఉన్నట్టు. చూడకపోతే? చూడకపోతే కంట్లోనే.

ఆయన కోసం కాదు. బల్ల ఎక్కించొద్దన్నారని కాదు. ఆ మాట నాకు బాగా కలిసొచ్చింది, అంతే. మళ్లీ ఆ బెంచీ, ఆ ఫినాయిలు వాసన, మళ్లీ వదిన ఏడుపు, కుట్లు కట్టిన మనిషిని బాత్రూముకు నడిపించడం, తిడితే పడటం. నాకు ఓపిక లేదు. నేను అలిసిపోయాను. అలిసిపోయాను కాబట్టి ఒక మనిషి తలలో రక్తం కారుతుంటే పావు నంబరు రాసిచ్చాను. రెండుసార్లు.

ఆయన కూలబడేదాకా నలభై ఒక్క రోజులు.

ఆగస్టు 11

ఇంటికి తీసుకొచ్చాం. మాట తిరిగింది. నడక ఫరవాలేదు. ఎడమ సగం చూపు మాత్రం పూర్తిగా పోయింది, ఇక రాదట. ఆరు నెలలకోసారి స్కానింగ్. నాలుగు బుడగలూ ఆయనతో పాటే ఇంటికి వచ్చాయి.

ఆగస్టు 16

చూడటానికి జనం. వదిన ఆయన మంచం పక్కనే కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లందరికీ కథ చెబుతోంది. మొదటి రోజు "మా మరదలికి అనుమానం వచ్చింది" అంది. నిన్న "కన్ను చూసి తలలో జబ్బుందని పట్టేసింది" అంది. ఇవాళ "డాక్టర్లకే అంతు చిక్కలేదు, ఇది చెబితే గానీ" దాకా వచ్చింది. గడ్డ పెరిగినట్టే ఇదీ పెరుగుతోంది. ఎవరో పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుని "నీ పసుపు కుంకుమలు నువ్వే నిలబెట్టుకున్నావమ్మా" అంది.

నేను ఆయన వైపు చూడలేదు. ఆయనకు ఎడమ పక్కనే నిలబడి ఉన్నాను. అక్కడుంటే ఆయనకు కనిపించను.

ఆగస్టు 17

అక్కడే ఎందుకు నిలబడుతున్నాను?

ఆగస్టు 28

కొట్టు తెరిచాం. ఇంట్లో కూర్చోలేనని ఆయనే పట్టుబట్టారు. చక్రం ముట్టుకోకూడదు. అద్దాలు బయట చేయించి తెప్పిస్తున్నాను. చెక్క అడ్డు వెనక తన పాత స్టూలు మీద కూర్చుని, ఫ్రేములకు మరలు బిగిస్తానన్నారు. అవి వేలి కొనలతో చేసే పని.

మొదటి గిరాకీ దర్జీ పని చేసే ఆవిడ. సూదిలో దారం ఎక్కడం లేదంది. ఒక కన్ను చూశాను. "ఇప్పుడు రెండో కన్ను మూసుకోండి" అన్నాను. చూశాను. నంబరు రాసిచ్చి పంపాను. ఆవిడ మెట్లు దిగాక వెనక నుంచి గొంతు వచ్చింది.

"ఆ మాట నాకు చెప్పలేదు."

నేను అద్దాల పెట్టె సర్దుతున్నాను. సర్దుతూనే ఉన్నాను.

"ఇరవై రెండేళ్లుగా ఈ చెక్క వెనక కూర్చుని వింటున్నా. ఈ కన్ను మూసుకోండి, చదవండి, ఇప్పుడు రెండో కన్ను. మీ అమ్మ పోయిందని ఫోనొచ్చిన రోజు, ఫోను పెట్టేసి, కుర్చీలో ఉన్న మనిషికి రెండో కన్ను కూడా చూసే లేచావు. ఒకళ్లకి కూడా సగంలో వదల్లేదు. నా ఒక్కడికే వదిలేశావు."

"మీకు అప్పుడే తెలుసా?"

"కుర్చీలోంచి లేవకముందే తెలిసింది. ఆ మాట కోసం ఆగాను. రాలేదు. అప్పుడే అర్థమైంది, నీకు కూడా అర్థమైందని."

"మరి అడగొచ్చు కదండీ?"

"నువ్వే చెప్తావని చూశా. డ్రైవరొచ్చిన రోజు ఇంక చెప్పేస్తావనుకున్నా. ఆ మనిషి మీద ఎంత అరిచావ్! చక్రం ఆపుకుని కూర్చున్నా, లోపలికొస్తావని. వారం తర్వాత వచ్చి, ఇంకో పావు నంబరన్నావు."

"తెలిసి కూడా అరగదీశారు కదా ఆ అద్దాలు."

"అరగదీశా. నువ్వు రాసిచ్చావు కదా. ఇన్నేళ్లూ నువ్వు రాసింది నేను చేశా, ఎప్పుడైనా కాదన్నానా?"

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. సిగ్గులేకుండా వచ్చింది. "ఇంకోసారి ఆ బల్ల ఎక్కించకని మీరే అన్నారు. మీరే. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నారు" అని గట్టిగా అరిచాను.

"అన్నా. ఇప్పుడూ అంటా." మర ఏదో కింద పడి దొర్లిన చప్పుడు. ఎడమ వైపుకే దొర్లి ఉంటుంది, వెతుక్కోలేదు. "ఎక్కనని చెప్పాల్సింది నేను కదే. చెప్తే చచ్చేవాణ్ణో, భయపడి ఎక్కేవాణ్ణో. ఏదో ఒకటి నేనే తేల్చుకునేవాణ్ణి. నన్ను అడక్కుండా నువ్వే తేల్చేశావు. పైగా కళ్లజోడు బాగుందన్నావు."

ఆయన ముఖం నాకు కనిపించలేదు. నా ముఖం ఆయనకు కనిపించలేదు. మా ఇద్దరికీ మధ్య ఎప్పటి నుంచో ఉన్న చెక్కే. లోపలికి వెళ్లి ఆ మర వెతికి ఇవ్వాలనుకున్నాను. ఇంతలో ఎవరో వచ్చారు. ఈసారి నిజంగానే వచ్చారు.

ఆగస్టు 30

మొన్న రాత్రే క్షమించమని అడిగాను. "దేనికి, బతికే ఉన్నా కదా" అన్నారు. ఆ మాటలో దయ ఉందో లేదో రెండు రోజులుగా వెతుకుతున్నాను.

సెప్టెంబరు 2

వదినకు చెప్పేశాను. మొత్తం. జూన్ 9 నుంచి. ఆవిడ "ఇది ఇంకెవరికీ చెప్పకు" అంది. లేచి వెళ్లిపోయింది. సాయంత్రం పక్కింటావిడతో "మా మరదలు కనిపెట్టకపోతే" అని చెబుతుండగా విన్నాను. కథ మార్చుకోవడం కూడా ఆవిడకు ఇష్టం లేదు. తమ్ముడి పెళ్లాం మంచిదని నమ్మడానికి పాతికేళ్లు పట్టింది, ఇప్పుడు మళ్లీ మొదటికి వెళ్లే ఓపిక ఆవిడకూ లేదేమో.

సెప్టెంబరు 9

ఇవాళ ఒక కాలేజీ అమ్మాయి కుర్చీలో ఉంది. ఒక కన్ను చూశాను. నేను నోరు తెరిచేలోపే చెక్క వెనక నుంచి, "ఇప్పుడు రెండో కన్ను."

ఆ అమ్మాయి కిసుక్కున నవ్వి, చెయ్యి మార్చుకుంది.

సెప్టెంబరు 10

ఇవాళ ఏడుగురు. ఏడుసార్లు.

సెప్టెంబరు 12

ఇవాళ ఆ మాట నేనే తొందరగా చెప్పేసి చూశాను, ఆయన కన్నా ముందు. అయినా వెనక నుంచి వచ్చింది, కాస్త ఆలస్యంగా, ఏ తేడా లేకుండా. మానెయ్యండని అడగొచ్చు. ఏ ముఖం పెట్టుకుని అడగను?

సెప్టెంబరు 22

ప్రతి సోమవారం కొట్టు తెరవగానే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చూస్తున్నాను. తల డాక్టరు చూడమంది. కుడి పక్క చూపులో కొత్తగా ఏమైనా తగ్గితే మిగిలిన నాలుగింటిలో ఏదో కదిలినట్టు. కుడి కన్ను మూసి చూస్తాను. నేను ఏమీ అనకముందే ఆయనే చెయ్యి మార్చి ఎడమ కన్ను మూసుకుంటారు. నా వేలు కుడి పక్క నుంచి లోపలికి తెస్తాను. "ఉంది, ఉంది, ఉంది" అంటారు. ఆ మూడు మాటల కోసం ఆదివారమంతా ఎదురుచూస్తాను. తర్వాత లేచి, ఎడమ చెయ్యి ముందుకు చాపి ద్వారబంధం తడుముకుంటూ లోపలికి వెళతారు.

ఆ రెండు జతల కళ్లజోళ్లూ ఆయన స్టూలు పక్కన మేకుకు తగిలించి ఉన్నాయి. తీసేద్దామని చెయ్యి పెడితే "ఉండనీ" అన్నారు.

అక్టోబరు 3

ఈ మాట ఇప్పుడు మా కొట్టుకు గుర్తైపోయింది. పిల్లలు మెట్ల మీద నుంచే "ఇప్పుడు రెండో కన్ను" అని అరిచి పారిపోతున్నారు. వచ్చినవాళ్లు మురిసిపోతున్నారు, ఎంత చక్కటి జంట, ఒకరు చూస్తుంటే ఇంకొకరు చెబుతున్నారని. నేను ముందే అనడం మానేశాను. మొదటి కన్ను చూసి, చెయ్యి ఆపి, ఆ గొంతు వచ్చేదాకా నిలబడుతున్నాను. ఒక్కోసారి వెంటనే వస్తుంది. ఒక్కోసారి రాదు. రానప్పుడు, లోపల ఆయనకు ఏమైందోనని భయమేస్తుంది. అయినా కదలను. వస్తుంది. ఇప్పటిదాకా వస్తూనే ఉంది.

ఇవాళ ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని, నేను ఎంతకీ ఏమీ అనకపోయేసరికి ఇంకో కంటితో నన్ను వింతగా చూశాడు. అప్పుడు వెనక నుంచి, మెల్లగా, "ఇప్పుడు రెండో కన్ను."

ముసలాయన నవ్వాడు. "ఏమ్మా, ఆయన చెప్తే గానీ రెండోది చూడవా ఏమిటి?"

"చూడనండీ" అన్నాను.